బొగ్గుబాయి పిల్లలు, అమీర్‌పేట టూల్స్

2000ల మొదట్లో మా గోదావరిఖని బాయి కార్మికుల పిల్లలు డిగ్రీ కాగానే రామగుండంలో భాగ్యనగర్ రైలెక్కి హైదరాబాద్ బాట పట్టేవాళ్లు. కోడింగ్ అంటే భయపడేవాళ్లకు అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్లు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే ‘టెస్టింగ్ టూల్స్’ చూపించేవి. నేనూ ఆ బాపతే.

అప్పట్లో మెర్క్యురీ కంపెనీ విన్‌రన్నర్, క్యూటీపీలదే రాజ్యం. మనం నొక్కిన క్లిక్కులను రికార్డు చేసి మళ్లీ నడిపించేవి. నేర్వడం సులువే, లైసెన్సు ఖరీదే మోయలేనిది. 2006లో మెర్క్యురీని హెచ్‌పీ కొన్నది. కొన్నాళ్లకు విన్‌రన్నర్ మూలకు పడింది, మా జిరాక్సు నోట్సుతో సహా. షికాగో థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ 2004లో మొదలుపెట్టిన సెలీనియం మాత్రం ఉచితం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ ఏదైనా సరే, రాత్రంతా వందల పరీక్షలు విసుగు లేకుండా చేస్తుంది. కాకపోతే జావానో మరొకటో రావాలి. కోడింగ్ తప్పించుకుందామని వచ్చినోళ్లకు భలే శిక్ష!

అయితే బటన్ ఐడీ మారితే సెలీనియం స్క్రిప్టు కూలబడుతుంది. పేజీ ఆలస్యమైతే లేని తప్పు చూపిస్తుంది. తెల్ల బటన్ మీద తెల్ల అక్షరాలున్నా పరీక్ష పాసే.

బాయిలో గ్యాసు చూసే సర్దార్‌గా చేసిన మా నాన్నకు ఇదంతా చెబితే నవ్వి, బాయిలోనూ అంతే అన్నాడు. సేఫ్టీ ల్యాంప్ మంట మీది నీలి టోపీ మీథేన్ సంగతి చెప్పేది, ఆక్సిజన్ తగ్గితే మంటే ఆరిపోయేది. మీథేన్ మీటరు అంకె కచ్చితమే గానీ, ఆక్సిజన్ ఊసెత్తదు.

మా టూల్స్ సంగతికొస్తే, 2018లో సెలీనియం బ్రౌజర్‌ను నడిపించే పద్ధతి వెబ్‌డ్రైవర్, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్లేరైట్, పేజీ సిద్ధమయ్యేదాకా తనే ఆగుతుంది. తెల్ల మీద తెలుపును మాత్రం అదీ తనంతట తాను పట్టదు.