వంగే ఇరుసు



వేసవి సెలవులకు వచ్చిన మా మనవడు వెంట ఒక పడవను తెచ్చాడు. రెండడుగుల పొడవు, లోపల బ్యాటరీ, మోటారు; గట్టున నిలబడి చేతిలోని రేడియో పెట్టెతో నడపవలసినది. చెరువులో దింపగానే దాని రొద అవతలి గట్టుదాకా వినిపించింది గాని, పడవ మాత్రం నత్తనడకే నడిచింది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని పెద్దలు ఊరకే అనలేదు. అయిదు నిమిషాలకు మోటారు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయింది.

"మోటారు పాడైంది తాతయ్యా, కొత్తది కొనాలి" అన్నాడు వాడు.

పాడైనది మోటారు కాదు. మోటారు ఇరుసు ఒక గీత మీద ఉంది. పడవ అడుగునుండి ఏటవాలుగా వెనుకకు దిగే ప్రొపెల్లరు ఇరుసు మరొక గీత మీద ఉంది. రెంటినీ కలిపిన ఇత్తడి ముక్క వాటిని బలవంతాన ఒక్క గీతలోకి లాగుతూ, ప్రతి చుట్టుకూ ఇరుసును అటూ ఇటూ వంచుతోంది. నీటిని నెట్టవలసిన శక్తి బేరింగులను అరగదీయడానికీ, వేడి పుట్టించడానికీ ఖర్చయిపోతోంది. కదురు వంకరపోయిన రాట్నాన్ని తిప్పినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగు పండితుడికి పడవ ఇరుసుతో పనేమిటని మీరు అడగవచ్చు. నా పాత తప్పు ఒకటి ఇందులో ఉన్నది. దానిని చెప్పడానికి ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి.

ఒకే గీతలో లేని రెండు ఇరుసులను కలపడం ఎలా అన్న ప్రశ్న పాతదే. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో ప్రకటించిన గ్రంథంలో, రెండు కవలకొమ్మల నడుమ శిలువ ఆకారపు ముక్కను బిగించి, కోణంలో ఉన్న ఇరుసులను కలిపే కీలును వర్ణించాడు. లారీ అడుగున పొడవాటి ఇరుసు చివర మనకు కనిపించేది ఆ కీలే. అయితే దానిలో ఒక చమత్కారం ఉన్నది. మొదటి ఇరుసు ఎంత సమంగా తిరిగినా రెండవది సమంగా తిరగదు. ప్రతి చుట్టులోనూ రెండుమార్లు జోరందుకొని రెండుమార్లు మందగిస్తుంది. ఇరుసుల నడుమ కోణం 20 డిగ్రీలుంటే ఆ హెచ్చుతగ్గులు నూటికి ఆరు చొప్పున ఉంటాయి. రెండు కీళ్ళు పెట్టి, రెండు కోణాలూ సమానం చేసి, కవలకొమ్మలను సరిగా అమరిస్తే ఒకదాని దోషాన్ని మరొకటి సరిదిద్దుతుంది. మా వ్యాకరణంలో బహుళమని ఒక వెసులుబాటు ఉన్నది: కొన్నిచోట్ల సంధి జరుగుతుంది, కొన్నిచోట్ల జరగదు, కొన్నిచోట్ల మరొకలా జరుగుతుంది. యంత్రాల సంధిలో అంత ఉదారత లేదు. అక్కడ ప్రతి వెసులుబాటుకూ లెక్క చెప్పాలి.

ఇక పడవ సంగతి. ఓడకు ప్రొపెల్లరు అమర్చిన చరిత్రలో ఆటపడవకు ముఖ్యమైన స్థానమే ఉన్నది. లండను శివారు హెండన్‌లో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు, స్ప్రింగుతో తిరిగే మరచుట్టు గల చిన్న నమూనా పడవను చెరువులో నడిపి చూసి, 1836లో పేటెంటు పొందాడు. అంతకుముందే 1829లో ట్రియెస్టెలో యోసెఫ్ రెస్సెల్ ప్రొపెల్లరుతో ఓడను నడిపి చూశాడు. స్వీడను దేశీయుడు ఎరిక్సన్ సైతం స్మిత్ పేటెంటు పొందిన ఏడే తన పేటెంటు పొందాడు. కనుక 'మొదట ఎవరు' అనే పంచాయితీలోకి నేను దిగను. స్మిత్ పడవనుండి 'ఆర్కిమిడీస్' అనే ఓడ పుట్టింది. 1840లో అది బ్రిస్టల్ రేవుకు వచ్చినప్పుడు, 'గ్రేట్ బ్రిటన్' అనే మహానౌకను కడుతున్న బ్రూనెల్ దానిని పరీక్షించి, తన ఓడకు అనుకున్న పక్కచక్రాలను మాని ప్రొపెల్లరును ఎన్నుకున్నాడు. ఇంజను నెమ్మదిగా తిరిగేది, ప్రొపెల్లరు వేగంగా తిరగవలసినది. అందుచేత ఆ ఓడలో రెంటి మధ్య పళ్ళ గొలుసులు వేశారు.

ఈ నిర్ణయంవల్ల నష్టపోయినవాడు జేమ్స్ నాస్మిత్. పక్కచక్రాలకు కావలసిన బ్రహ్మాండమైన ఇరుసును సాగగొట్టగల సుత్తి ఎక్కడా లేదని కబురు వస్తే, 1839లో ఆవిరి సుత్తికి బొమ్మ గీసి ఇచ్చాడాయన. ఓడకు ప్రొపెల్లరు వచ్చింది, ఆ ఇరుసు అక్కరలేకపోయింది, సుత్తి కాగితం మీదనే ఉండిపోయింది. 1842లో ఫ్రాన్సులోని క్రూసో కర్మాగారానికి వెళితే తన సుత్తి తనకే ఎదురైంది! తాను ఊరిలో లేనప్పుడు వచ్చిన అతిథులు బొమ్మల పుస్తకంలో దానిని చూసి వెళ్ళి చేయించుకున్నారట. ఆ ఏడే ఇంగ్లండుకు తిరిగివచ్చి ఆయన పేటెంటు తీసుకున్నాడు.

అయితే నాకు సుత్తి కంటె ముఖ్యమైనది, ఆయన ఇరవయ్యొక్క ఏళ్ళ ప్రాయంలో, 1829లో చేసిన చిన్న వస్తువు. అప్పటికాయన లండనులో హెన్రీ మాడ్స్లే వద్ద సహాయకుడు. ఉక్కుతీగను బిగువుగా చుట్టచుట్టి, ఒక చివర తిప్పితే రెండవ చివర తిరిగేటట్లు, మధ్యలో ఎటు కావాలంటే అటు వంగేటట్లు ఒక ఇరుసును కల్పించాడు. తిన్నని ఇరుసు చేరలేని మూలలలో రంధ్రాలు వేయడానికి దానిని వాడాడు. పేటెంటు తీసుకోలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత దంతవైద్యుల పరికరంలో అదే కల్పనను చూసి, అమెరికానుండి వచ్చిన కొత్త వింత అని ఇతరులు చెప్పగా విన్నట్లు 1883లో వెలువడిన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ మాటల్లో కోపం కంటె నవ్వే ఎక్కువ. ఆయన మనసు పెద్దది, నేనైతే నవ్వలేకపోయేవాణ్ణి.

ఆ చుట్టతీగ మనకూ పరిచితమే. పాత స్కూటర్ల ముందు చక్రంనుండి స్పీడోమీటరుకు వెళ్ళే తీగ అదే జాతి. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటులోకి దించే వైబ్రేటరు గొట్టంలో తిరిగేదీ అదే. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా తీగలు లేకుండా నడిచే పడవను ప్రదర్శించి ఆటపడవలకు రేడియో దారి చూపాడు. తరువాతి కాలంలో వేగపు పడవలు చేసేవారు ఈ చుట్టతీగను పడవ అడుగుకు తెచ్చుకున్నారు.

దాని లాభమేమిటంటే, మోటారును పడవ అడుగున బల్లపరుపుగా కూర్చోబెట్టవచ్చు. సన్నని ఇత్తడి గొట్టాన్ని నునుపైన వంపుతో వెనుకకు పంపితే, దానిలోపల తీగ తిరుగుతూ ప్రొపెల్లరును దాదాపు నీటిమట్టానికి సమాంతరంగా నిలుపుతుంది. అయితే వంగేది గదా అని ఎలాగైనా పెట్టవచ్చుననుకోవడం పొరపాటు. గొట్టం మోటారు దగ్గర మొదలయ్యేచోట తిన్నగా మోటారు ఇరుసు గీతలోనే ఉండాలి. వంపు ఆ తరువాతనే. ఎక్కడా మడత పడకూడదు. తిరిగే దిశ తీగ పైపొరను బిగించేదిగా ఉండాలి. ఎదురుగా తిప్పితే చుట్లు విప్పుకుంటాయి. భారం పడినప్పుడు తీగ కొంచెం కురచనవుతుంది కనుక, వెనుక ప్రొపెల్లరును పట్టే బిళ్ళకూ దాని ముందరి ఆధారానికీ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడవాలి. ఆడిన ప్రతిసారీ తీగను బయటికి లాగి తుడిచి కందెన పూయాలి.

తిన్నని ఇరుసు గల మా వాడి పడవకు చికిత్స ఇంతకంటె సులువు. రెండు ఇరుసులకూ సరిగ్గా పట్టే తిన్నని ఇత్తడి గొట్టం ముక్కను తాత్కాలికంగా తొడిగి, అది చూపిన చోట మోటారును నిలిపి, అడుగున దిమ్మెను అతికించాము. జిగురు ఆరాక ఆ ముక్క తీసివేసి, వంగే కీలు పెట్టాలి. మిగిలిన ఇసుమంత తేడాను అది సర్దుకుంటుంది. కొనవలసిన కీలు వచ్చేసరికి వారం పడుతుందన్నారు. అప్పుడు నాకు సైకిలు వాల్వు ట్యూబు గుర్తుకు వచ్చింది.

ఇక నా తప్పు. నేను ఉద్యోగంలో ఉండగా మా బడిలో ఒక ఏడు సైన్సు ప్రదర్శన జరిగింది. న్యాయనిర్ణేతలలో నన్నూ కూర్చోబెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు నూనె డబ్బా రేకుతో పడవ చేసి, టేప్ రికార్డరు మోటారు పెట్టి, సైకిలు చువ్వను ఇరుసు చేసి, రెంటినీ వాల్వు ట్యూబు ముక్కతో కలిపాడు. తొట్టిలో పడవ చక్కగా, చప్పుడు లేకుండా నడిచింది. "ఈ రబ్బరు అతుకేమిటిరా, ఇరుసంటే ఇనుములా నిలబడాలి" అని నవ్వాను. పక్కవారూ నవ్వారు. వాడు "రబ్బరైతేనే మోటారు అరవదండీ" అన్నాడు. ఎదురు చెప్పాడని మార్కులు తగ్గించాను. బహుమతి థర్మోకోలు అగ్నిపర్వతానికి వెళ్ళింది.

సైకిలు కొట్టులో ట్యూబు ముక్క అడిగితే డబ్బులు తీసుకోలేదు. దానిని బిగించి సాయంత్రం చెరువులో దింపితే రొద పోయి సన్నని జుమ్మనే నాదం మిగిలింది. రెండు చుట్లు కొట్టి వచ్చింది పడవ. మూడవ చుట్టులో నడిమధ్యన ఆగిపోయింది; మనవడు నడుములోతు నీటిలో దిగి తెచ్చాడు. టేప్ రికార్డరు మోటారుకు చాలిన రబ్బరు ఈ మోటారు జోరుకు మెలిపడి తెగిపోయింది. అయినా మోటారు చల్లగానే ఉంది.

"ఇది నీకెవరు నేర్పారు తాతయ్యా?" అన్నాడు వాడు. ఆ పిల్లవాడి పేరు చెప్పాను. ఇక్కడ రాయడం లేదు, అతడిని అడగలేదు గనుక.