జననాట్యమండలి ఆవిర్భావము - పూర్వబృందముల వారసత్వము

పాటను గూర్చి చరిత్ర వ్రాయునపుడు దానిని రచించిన కవిని విచారించుట మన సాహిత్యచరిత్రకారుల కలవాటు. దానిని పాడిన బృందమును విచారించుట అరుదు. కావ్యమునకు ఈ పద్ధతి చాలవచ్చును గాని ప్రదర్శనకళకు చాలదు. ఒక బృందమున చేరినవారు అంతకుముందు ఎచ్చట పాడిరి, అచ్చటినుండి ఏమి తెచ్చిరి అను ప్రశ్నలకు సమాధానము దొరకనిదే ఆ బృందము పాటయొక్క రూపము బోధపడదు. నేడు నగరములలో యువగాయకులు పాత బృందములనుండి వెలువడి క్రొత్త 'బ్యాండు' కట్టుకొనుచున్నారు. ఈ రీతి తెలుగునాట క్రొత్తది గాదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలి ఇందుకు మంచి నిదర్శనము. ఆ సంస్థ అనుసరించిన రాజకీయముల గుణదోషములు ఈ వ్యాసమునకు విషయములు గావు. దాని పాటకు రూపమిచ్చిన పూర్వబృందములను గుర్తించుటయే ఇచ్చటి ఉద్దేశము.

మొదట చెప్పదగినది ప్రజానాట్యమండలి. 1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘము వెలసినది. ఆ సంవత్సరముననే ఆంధ్రదేశమున ప్రజానాట్యమండలి ఏర్పడినది. జంగముకథలనుండి పెరిగిన బుర్రకథను ఈ మండలి కళాకారులు సమకాలిక విషయములకు అనువుగా మలచిరి. నడుమ తంబుర ధరించిన కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు నిలుతురు. వంతలలో ఒకరు హాస్యమును, వేరొకరు లోకవ్యవహారమును చూచుకొందురు. షేక్ నాజరు (1920-1997) ఈ ప్రక్రియకు అసామాన్యమైన ప్రచారము తెచ్చెను. తెలంగాణమున 1946-51 నాటి సాయుధపోరాట కాలమున సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను చేపట్టెను. తిరునగరి రామాంజనేయులు బుర్రకథలు రచించి ప్రదర్శించెను.

1948 తరువాత నిర్బంధము తీవ్రము కాగా ఈ దళములు చెదరిపోయినవి. కొందరు కళాకారులు చలనచిత్రరంగమునకు తరలిరి. ప్రజానాట్యమండలి నిర్మాతలలో ఒకరైన గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' చిత్రమును తీసెను. అయినను దళములు పోయినంతమాత్రమున బుర్రకథ పోలేదు. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము సయితము పథకముల ప్రచారమునకు దానినే వాడుకొనెను. అందుచేత 1951కిని 1972కిని నడుమ గల ఇరువది సంవత్సరములను శూన్యముగా భావింపరాదు. సంస్థ విచ్ఛిన్నమైనను ప్రక్రియ నిలిచినది. దానిని నేర్చిన క్రొత్త తరము పుట్టినది.

ఆ తరమునకు చెందినవాడు గుమ్మడి విఠల్‌రావు. ఈయన మెదకు జిల్లా తూప్రానులో 1949లో జన్మించెను. 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమమున బుర్రకథ చెప్పుచు ఊరూర తిరిగెను. అదే కాలమున హైదరాబాదులో బి. నరసింగరావు మిత్రులతో కలసి ఆర్ట్ లవర్స్ అను కళాబృందమును నడుపుచుండెను. విఠల్‌రావు ప్రదర్శనను చూచి, భగత్‌సింగు జయంతినాడు కథ చెప్పుటకు ఆయనను పిలిచెను. నరసింగరావు ప్రోత్సాహముననే 1971లో 'ఆపర రిక్షా' అను మొదటి పాట వెలువడినది. విఠల్‌రావు పాటలకు పెట్టబడిన 'గద్దర్' అను పేరు, తరువాత పాడినవానికే స్థిరపడినది. 1972లో ఈ కలయిక జననాట్యమండలిగా రూపొందినది. ఒకవైపు పల్లెలు తిరిగిన కథకుడు, మరియొకవైపు నగరమున చిత్రకళ, నాటకము, చలనచిత్రము ఎరిగిన విద్యావంతులు చేరిరి.

మూడవ పాయ ఉత్తరాంధ్రమునుండి వచ్చినది. శ్రీకాకుళ రైతాంగపోరాట కాలమున సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ప్రచారసాధనముగా చేసికొని, 1969 డిసెంబరులో పోలీసు కాల్పులలో మరణించెను. ఆ ప్రాంతపు పలుకుబడిని, వరుసలను మండలికి తెచ్చినవాడు వంగపండు ప్రసాదరావు (1943-2020). ఆయన రచించిన 'భూమి భాగోతము' పేరులోనే వీథిభాగవత సంప్రదాయము కనిపించుచున్నది. మెదకు మాటయు, శ్రీకాకుళపు మాటయు ఒకే వేదికపై వినిపించుట ఈ మండలి ప్రత్యేకత.

ఇట్లు చేరిన సంప్రదాయములు ప్రదర్శనరూపమున ఎట్లు నిలిచినవో పరిశీలింతము. మండలి వేదికపై ప్రధానగాయకుడు నడుమ నిలుచును. ప్రక్కవారు చరణాంతమున పల్లవినందుకొందురు. ఇది బుర్రకథలోని వంతల స్థానమే. గాయకుడు పాటను నడుమ ఆపి వచనమున వ్యాఖ్యానించి, మరల పాటలో ప్రవేశించును. ఇదియు కథకుని లక్షణమే. మారినవి పరికరములు. తంబుర, గుమ్మెటలకు బదులు డోలకు, డప్పు వచ్చినవి. కథకుని అంగీ, తలపాగాలకు బదులు గొంగడి, కాలి గజ్జెలు వచ్చినవి. ఈ మార్పు అలంకారమాత్రము గాదు. కథకుని వేషము వృత్తికళాకారునిది. గొంగడి, డప్పు శ్రోతల ఇండ్లలోనివి. పాడువానికిని వినువానికిని నడుమ గల దూరమును ఈ మార్పు తగ్గించినది.

అంతకంటె ముఖ్యమైన మార్పు ఇంకొకటి కలదు. బుర్రకథ ఒక వీరుని చరితమును ఆద్యంతము చెప్పును. దానికి కొన్ని గంటల కాలము, నేర్పరులైన ముగ్గురు కళాకారులు కావలెను. మండలి ఆ కథను విరిచి పాటలుగా చేసినది. రిక్షా త్రొక్కువాడు, కూలి తల్లి, కౌలు రైతు ఒక్కొక్క పాటకు నాయకులైరి. పాట కొలది నిమిషములలో ముగియును. వినినవాడు మరునాడు తానే పాడగలడు. కథను మోయుటకు దళము కావలెను గాని పాటను మోయుటకు నోరు చాలును. ఈ పాటలు ఎంతవేగముగా వ్యాపించినవో తెలియవలెనన్న ఈ రూపపరిణామమును గమనింపవలెను.

అయితే నోటినుండి నోటికి పోవు పాటకు కర్తృత్వము నిలువదు. 'బండెనక బండి కట్టి' అను పాట తెలంగాణ సాయుధపోరాటమున బండి యాదగిరి కట్టినది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వమున నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మాభూమి' చిత్రమున గద్దర్ దానిని పాడెను. అటుపిమ్మట దానిని గద్దర్ రచనగానే భావించినవారు పెక్కురు. ఇందు గాయకుని దోషము లేదు. పూర్వబృందముయొక్క ధనము క్రొత్త బృందమున చేరినపుడు పాతపేరు మరుగుపడుట సహజము. ఆ సహజమును సరిచేయుటకే పరిశోధన కావలెను. కర్త గతియే ఇట్లుండగా ప్రక్కవాద్యగాండ్ర మాట చెప్పనక్కరలేదు. నాజరు పేరు లోకమెరుగును. ఆయన ప్రక్కన నిలిచి వంత పాడినవారి పేర్లు ఎందరెరుగుదురు?

ఈ పరంపర జననాట్యమండలితో ఆరంభము గాలేదు, దానితో ముగియనూలేదు. ప్రజానాట్యమండలి కళాకారుడైన కానూరి వెంకటేశ్వరరావు తరువాత అరుణోదయ సాంస్కృతిక సమాఖ్యలో పనిచేసెను. 2002లో రసమయి బాలకిషన్ ప్రభృతులు కామారెడ్డిలో ఆరంభించిన 'ధూం ధాం' వేదికపై వివిధబృందముల కళాకారులు ఒకచోట చేరిరి. గద్దర్ 2023 ఆగస్టు 6న గతించెను. ఆయన గళము ధ్వనిముద్రికలలో ఉన్నది. ఆయనకు వంత పాడినవారి జ్ఞాపకములు మాత్రము ముద్రికలలో లేవు.

కావున జానపద ప్రదర్శనకళలపై పరిశోధించు విద్యార్థులు పాటల సంకలనముతో తృప్తిపడరాదు. ప్రతి పాటకును అది ఏ బృందమున పుట్టినది, ఏ బృందమునుండి ఏ బృందమునకు ఎవరివెంట పోయినది, వంత పలికినవారెవరు, డప్పు వాయించినవారెవరు అను వివరములను చేర్చవలెను. ఆ పని చేయుటకు అడుగవలసినవారు పెక్కురు వృద్ధులైరి.