బుర్రకథ ప్రదర్శన

బుర్రకథ ముగ్గురు కళాకారులు ఆట, పాట, మాటలతో ఒక కథను జనం ముందుంచే తెలుగు జానపద కళారూపం. నడుమ నిలిచే కథకుడు భుజాన తంబురా, బొటనవేలికి అందెలతో చిందులేస్తూ కథ నడుపుతాడు. ఇరువైపులా గుమ్మెటలు వాయించే వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది వర్తమాన రాజకీయం. ప్రదర్శన పట్టంతా ఈ పని పంపకంలోనే ఉంది. వీరరసం చిక్కబడ్డ చోట హాస్యగాడు అడ్డుతగిలి ఏదో అమాయకపు ప్రశ్న వేస్తాడు. కథకుడి జవాబుతో చివరి వరుసలో కూర్చున్నవాడికీ సంగతి బోధపడుతుంది. తెలియనట్టు నటించే ఈ వంతకు చాలా తెలిసి ఉండాలి.

ఈ కళను శిఖరానికి చేర్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో, దూదేకుల కుటుంబంలో పుట్టారు. శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతు ఆయనది. వామపక్ష సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి వేదికలపై పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు కథలు చెప్పారు. పాత వీరగాథను చెబుతూనే తన కాలపు ఆకలిని ఎత్తిచూపడం ఆయన ప్రత్యేకత. 1986లో పద్మశ్రీ అందుకున్నారు; 1997లో మరణించారు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత ప్రచారాలకు ప్రభుత్వం కూడా బుర్రకథనే వాడుకుంది.