సెకాకస్ పెట్టెలు

నాటకం అచ్చయిందంటే భద్రమైనట్టేనని సాధారణంగా అనుకుంటాం. అమెరికా సంగీత నాటకం విషయంలో ఇది సగమే నిజం. 20వ శతాబ్దపు తొలి దశకాలలో న్యూయార్కు బ్రాడ్వే నాటకశాలల్లో జనాదరణ పొందిన పాటలను ప్రచురణకర్తలు గాత్రానికీ పియానోకూ సరిపడేట్టు అచ్చువేసి అమ్ముకున్నారు. వయొలిన్లు ఏం వాయించాలో, బాకాలు ఎక్కడ అందుకోవాలో తెలిపే చేతిరాత ప్రతులు మాత్రం ప్రదర్శనలు ఆగిపోగానే అటకెక్కేవి, లేదా చెత్తలో కలిసేవి. మన పద్యనాటకాలపై పనిచేసేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. పుస్తకంలో పద్యం ఉంటుంది, హార్మోనిస్టు వాయించినది ఉండదు.

1982లో న్యూజెర్సీ రాష్ట్రంలోని సెకాకస్‌లో, వార్నర్ సంస్థ గిడ్డంగిలో, ఇలాంటి ప్రతులున్న పెట్టెలు 80 దాకా బయటపడ్డాయి. జెరోమ్ కెర్న్, జార్జ్ గెర్ష్విన్, విక్టర్ హెర్బర్ట్ వంటివారి రచనలు వాటిలో ఉన్నాయి. సినిమా సంస్థ గిడ్డంగిలో నాటకాల కాగితాలకేం పని? సినిమాకు మాట వచ్చిన కొత్తలో, 1929లో, వార్నర్ సోదరులు పాటల హక్కుల కోసం హార్మ్స్, విట్మార్క్, రెమిక్ అనే ప్రచురణ సంస్థలను కొన్నారు. పాటల వెంట ఈ కాగితాలూ వచ్చిపడ్డాయి. దాచాలన్న శ్రద్ధ కన్నా, పారేసే తీరిక లేకపోవడమే వీటిని కాపాడిందనిపిస్తుంది.

వీటి విలువ తెలియాలంటే ‘షో బోట్’ను చూడాలి. కెర్న్ సంగీతం, ఆస్కార్ హామర్‌స్టీన్ మాటలు. న్యూయార్కులో తొలి ప్రదర్శన 1927 డిసెంబరు 27న. అంతకు ముందు నెలలో వాషింగ్టన్‌లో ఆడి చూసినప్పుడు నాటకం నాలుగు గంటలు దాటింది. కత్తిరింపుల్లో నల్లజాతి పాత్రలు పాడే ఒక దీర్ఘమైన విషాదగీతం పోయింది. దాని వాద్య ప్రతులు సెకాకస్‌లో దొరికాయి. వాటి ఆధారంగా జాన్ మెక్‌గ్లిన్ 1988లో వెలువరించిన రికార్డింగులో ఆ పాటను రాబర్ట్ రసెల్ బెనెట్ కూర్చిన వాద్యగోష్ఠితో వినవచ్చు.

అయితే మూలప్రతిని పాటించడమంటే అందులో ఉన్న అన్నిటినీ పాటించడమే కదా! తెర లేవగానే రేవు కూలీలు పాడే బృందగానంలో నల్లవారిని కించపరిచే మాట ఒకటి ఉంది. తరువాతి ప్రదర్శనల్లో దాన్ని మారుస్తూ వచ్చారు. మెక్‌గ్లిన్ 1927 నాటి మాటనే పాడాలన్నాడు. బ్రిటన్‌లోని గ్లైండ్‌బోర్న్‌లో గెర్ష్విన్ ఆపెరా పాడుతున్న నల్లజాతి గాయకబృందాన్ని ఇందుకు కుదుర్చుకున్నారు. వారు ఆ మాట పాడబోమని తప్పుకున్నారు. వారి స్థానంలో అంబ్రోజియన్ బృందం పాడింది. ప్రతిలోని మాటను దాచకూడదన్నంత వరకు మెక్‌గ్లిన్ పక్షాన న్యాయముంది. కాని ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో వారి నోటనే పలికించాలనుకోవడం చరిత్ర రచన పని కాదని నా అభిప్రాయం.

1994లో హెరాల్డ్ ప్రిన్స్ ఇదే నాటకాన్ని బ్రాడ్వేపై మళ్ళీ ఆడించినప్పుడు ఆ విషాదగీతాన్ని తిరిగి చేర్చాడు. ఆ మాటను మాత్రం తీసుకోలేదు.