ఆల్విన్ రేకు, రామన్నపేట అతుకు

మియాపూర్ మీదుగా రోజూ ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఆల్విన్ అంటే ఒక క్రాస్‌రోడ్స్. కూకట్‌పల్లి వాళ్లకి ఒక కాలనీ. ఇంట్లో పెద్దవాళ్లని కదిపితే ఒక ఫ్రిజ్, ఒక చేతి గడియారం గుర్తు చేసుకుంటారు. నాకు మాత్రం ఆ పేరు రామన్నపేటలో, రేకు పని చేసే షెడ్డు ముందు, ఒక చిన్న ట్రక్కు మీద కనిపించింది. దాని తలుపు కింది అంచు జంగు పట్టి జల్లెడైపోయింది. తుప్పుని ఇక్కడ జంగు అనే అంటారు.

ఆ బండి ఆల్విన్ నిస్సాన్. దాని సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. రేకుని వంచడం, అతకడం, రంగేయడం దాని పని. ఫ్రిజ్ డబ్బా చేసినా, బస్సు బాడీ కట్టినా మూలంలో విద్య అదే. 1980లలో జపాన్ కంపెనీల పొత్తుతో దేశంలో చిన్న ట్రక్కులు మొదలయ్యాయి. పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. డీసీఎం టొయోటా బండ్లు రావడం ఆగి దశాబ్దాలైనా, ఈరోజుకీ మన పేపర్లు ఏ మధ్యరకం లారీనైనా ‘డీసీఎం’ అనే రాస్తాయి. ఆల్విన్‌కి ఆ అదృష్టం కూడా దక్కలేదు. 1989లో ట్రక్కుల కంపెనీ మహీంద్రా చేతికి పోయింది. తర్వాత ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి పోయింది. ఊళ్లలో మిగిలిన బండ్లకి కొత్త తలుపు కావాలంటే అడగడానికి కంపెనీ లేదు. రేకు మేస్త్రీ ఉన్నాడు.

మనం లారీకి బాడీ ‘కట్టిస్తాం’, ఇల్లు కట్టించినట్టే. ఛాసిస్ ఒకచోట కొని, దాని మీద చెక్కా రేకూ ఇంకోచోట కట్టించుకోవడం మనకి పాత అలవాటు. విజయవాడ ఆటోనగర్‌కి అంత పేరు ఆ పనితోనే వచ్చింది. కట్టడం తెలిసినచోట విప్పి కట్టడమూ తెలుస్తుంది.

జంగు పైకి కనిపించేంత చిన్నగా ఉండదు. రంగు కింద బుడగ లేచిందంటే లోపల ఇనుము అప్పటికే పొరలు పొరలుగా ఉబ్బిందని అర్థం. తుప్పు తను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పొటాష్ బస్తాల నుంచి రాలిన పొడి, పశువుల మూత్రం, తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాల్ని మూసేసిన మట్టి. ఇవి చాలు. మేస్త్రీ ముందు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వింటాడు. గట్టి రేకు ఖంగుమంటుంది, తినేసిన రేకు పలకదు. మెరిసే ఇనుము వచ్చేదాకా కోస్తాడు. అట్టముక్కతో కొలత తీసి 20 గేజ్ రేకు కత్తిరిస్తాడు. దాని మందం మిల్లీమీటరు కూడా ఉండదు. అతుకంతా ఒకేసారి వెల్డింగ్ చేస్తే వేడికి రేకు అలల్లా వంకర్లు పోతుంది. అందుకని ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో తడిగుడ్డ. ఆ తర్వాత సుత్తె, రెడ్ ఆక్సైడ్, చివర్లో పల్చగా పుట్టీ.

అసలు కోయకుండా పైనే పుట్టీ మెత్తి రంగేసే పద్ధతి కూడా ఉంది. బండి అమ్మేసే తొందరలో ఉన్నవాళ్లకి అదే నచ్చుతుంది. ఒకట్రెండు వానాకాలాలు పోతే బుడగ మళ్లీ లేస్తుంది.

ఆల్విన్ చరిత్రకి మనం చేస్తున్నది కూడా ఇదేనేమో అనిపిస్తుంది. పాత ఫ్రిజ్ ఫొటో పెట్టి, ఆ రోజులే వేరు అనుకుని ముందుకెళ్లిపోతాం. ప్రభుత్వం పెట్టుబడి పెట్టి నిలబెట్టిన కంపెనీ ముక్కలుగా ఎందుకు పోయింది, అక్కడ రేకు పని నేర్చినవాళ్లు తర్వాత ఏమయ్యారు అని కోసి చూడం.

ఆ తలుపుని జాగ్రత్తగా చూస్తే కొంత చరిత్ర చదవొచ్చు. ఫ్యాక్టరీ ప్రెస్సు రేకుని ఒకేసారి రెండు దిక్కులకి వంచుతుంది. ఊళ్లో ప్రెస్సు లేదు. అదే వంపు కావాలంటే మేస్త్రీ పైపు మీద పెట్టి సుత్తెతో కొట్టాలి, లేదా రెండు ముక్కలు చేసి అతకాలి. అంటే అతుకు లేని వంపు జహీరాబాద్‌ది, సన్నటి గీత ఉన్న వంపు రామన్నపేటది. జహీరాబాద్, మియాపూర్ ఆల్విన్ క్రాస్‌రోడ్స్ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. రామన్నపేటకి మలుపు తీసుకునే చిట్యాల కూడా ఆ రోడ్డు మీదే.

2021లో కేంద్రం ప్రకటించిన స్క్రాపేజ్ విధానం, ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గని పాత బండ్లు తుక్కుకి పోవాలంటుంది. పొగ కక్కే ఇంజన్, పట్టు వదిలిన బ్రేకులు ఉన్న బండి రోడ్డెక్కాలని నేననను. ఛాసిస్‌నే జంగు తింటే ఏ అతుకూ కాపాడదు. కానీ 1932 నాటి ఆల్బియాన్ బస్సుని ఆర్టీసీ ముస్తాబు చేసి బస్ భవన్‌లో నిలబెట్టింది కదా. ఆల్విన్ నిస్సాన్ క్యాబిన్‌ని కూడా ఒక్కదాన్నైనా తూకానికి పోకుండా ఆపాలి. దానికి మాత్రం షోరూమ్ మెరుపు అక్కర్లేదు. అతుకులు కనిపించేలా, పుట్టీ లేకుండా నిలబెడితే చాలు.