చెక్కముక్క పెట్టిన తుపాకీ

మొన్నామధ్య ఒక శనివారం మా ఆఫీసులో పనిచేసే అమెరికన్ మిత్రుడొకడు "ఖాళీగా ఉంటే గన్ షాపుకెళ్దాం, వస్తావా?" అని అడిగాడు. శనివారమొస్తే ఇండియన్ స్టోరు, గుడి, కాస్ట్‌కో తప్ప ఇంకో దారి ఎరగని ప్రాణం నాది. టెక్సాస్‌లో ఇన్నేళ్ళ నుంచీ ఉంటున్నా తుపాకుల కొట్టు గడప తొక్కలేదు. చూసొస్తే పోయేదేముందిలే అని బయల్దేరాను.

మన బట్టల కొట్లో చీరలు సర్దినట్టు గోడ నిండా తుపాకులు! ముందు వైపు అన్నీ కొత్తవి. నల్లటి ఏఆర్-15లు, గాజు బల్ల కింద వరసగా గ్లాక్ పిస్తోళ్ళు. నా మిత్రుడు వాటి దగ్గర ఆగిపోయాడు. నేను మెల్లగా వెనక్కి, సెకండ్ హ్యాండ్ సరుకు పెట్టిన వైపు నడిచాను. అక్కడ ఇరవయ్యో శతాబ్దం మొత్తం గోడకి ఆనించి పెట్టినట్టుంది. రష్యావాళ్ళ మొసిన్-నగాంట్, జర్మనీ మౌజర్, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు మోసిన గరాండ్. వాటి చివర మూడు తుపాకులకి "ఇండియా" అని చీటీలు కట్టున్నాయి. ఆ పక్క గోడ మీద, నమ్మండి నమ్మకపొండి, గాంధీ గారి ఫొటో!

గాంధీకీ గన్ షాపుకీ ఏం సంబంధమో తర్వాత చెప్తాను. ముందు ఆ మూడింటి సంగతి.

మూడూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. మూడూ మన బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనవే. మొదటి దాని మీద కిరీటం, జార్జి చక్రవర్తి పేరు పొడి అక్షరాలు, 1942 అనే అంకె. ఇది మనం సినిమాల్లో చూసే పోలీసుల త్రీ నాట్ త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్. మేగజైన్లో పది తూటాలు పడతాయి. మూడో దాని మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, 1967 అని ఉంది. రెండోది చేతిలోకి తీసుకుని కింద చూస్తే మేగజైన్ ఉండాల్సిన చోట ఒక చెక్కముక్క బిగించి ఉంది. ఎవరో పాడు చేసిన తుపాకీ అనుకున్నా. కొట్టు పెద్దాయన నవ్వి, "అది పాడైంది కాదు, అలాగే చేశారు. ఒక్క తూటానే పడుతుంది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు మా తాతయ్య. పశ్చిమ గోదావరిలో కానిస్టేబులుగా చేసి రిటైరయ్యాడు. ట్రెజరీ దగ్గర కాపలా కాసిన రోజుల గురించి చెబుతూ, "నా మస్కెట్టు ఒక్కసారే పేలేదిరా. రెండో దొంగొస్తే 'ఉండు నాయనా, తూటా నింపుకుంటా' అని బతిమాలుకోవాలి" అనేవాడు. అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. కోతలు కోస్తున్నాడనుకునేవాణ్ణి. ఆ చెక్కముక్క చూశాక తెలిసింది, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని.

ఇంటికొచ్చి తవ్వడం మొదలుపెట్టాను. ఈ చెక్కముక్క కథ 1857లో మొదలవుతుంది.

ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాల గొడవ మనందరం స్కూల్లో చదువుకున్నదే. ఆ తూటాలు 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలువి. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. వాటి వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ, దారి తప్పకుండా చాలా దూరం పోతుంది. గాడులు లేని నున్నటి గొట్టమైతే వంద గజాలు దాటాక గురి దేవుడి మీద భారమే. మంగళ్ పాండే ఎదురు తిరిగిన బారక్‌పూర్, ఈ ఇషాపూర్ రెండూ హుగ్లీ ఒడ్డున పక్క పక్క ఊళ్ళే.

తిరుగుబాటు అణిగాక ఇంగ్లీషువాళ్ళు చేసిన పనుల్లో ఒకటి మన పాఠాల్లో ఉండదు. 1858లో భారతీయ సిపాయిల కోసం ప్రత్యేకంగా ఒక మస్కెట్టు తయారు చేయించారు. పైకి చూస్తే అచ్చం ఎన్‌ఫీల్డే. లోపల గాడులు లేకుండా గొట్టం పెద్దది చేసి నున్నగా తొలిచారు. మళ్ళీ తిరగబడితే తెల్ల సిపాయి గుండు వీణ్ణి అందుకోవాలి, వీడి గుండు అతన్ని అందుకోకూడదు. మన భాషలో చెప్పాలంటే ఒకే సాఫ్టువేరు, యూజర్ రంగుని బట్టి ఫీచర్లు!

అక్కడితో ఆగలేదు. కొన్ని కొండ ప్రాంతపు దళాలకి తప్ప భారతీయుల చేతికి ఫిరంగులివ్వడం మానేశారు. అన్న వేసుకుని వదిలేసిన చొక్కా తమ్ముడికిచ్చినట్టు, తెల్ల పటాలాలు ఒక తరం తుపాకీ వదిలేశాకే అది మనవాళ్ళకి వచ్చేది. 1871లో వాళ్ళు మార్టినీ-హెన్రీకి మారితే మనవాళ్ళ చేతిలో ఇంకా పాత స్నైడరే. వాళ్ళు 1888లో లీ-మెట్‌ఫర్డ్ అందుకున్నాక ఆ మార్టినీలు మనవాళ్ళకి దిగాయి. అదే 1914లో జర్మన్ల మీదికి పంపాల్సి వచ్చేసరికి మాత్రం మార్సెయ్ రేవులో దిగీ దిగగానే మన సిపాయిలకి సరికొత్త రైఫిళ్ళు పంచారు. అవసరం వచ్చేసరికి నమ్మకం కూడా వచ్చేసింది!

యుద్ధం అయిపోయింది, నమ్మకమూ అయిపోయింది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో పేలింది ఈ త్రీ నాట్ త్రీయే. యాభై మంది సిపాయిలు, 1650 తూటాలు. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది చచ్చిపోయారు. ఆ తర్వాతి ఏళ్ళలో ఇషాపూర్లో పోలీసుల కోసం, జైలు కాపలావాళ్ళ కోసం ఈ చెక్కముక్క తుపాకీ చేశారు. త్రీ నాట్ త్రీ గొట్టాన్ని తొలిచి నున్నటి ఫోర్ టెన్ చేశారు. మేగజైన్ తీసేసి చెక్క బిగించారు. తూటా కూడా వేరే. అసలు మతలబు అక్కడుంది: ఈ తుపాకీని ఎవడైనా లాక్కుపోయినా బయట దొరికే తూటాలు ఇందులో పనికిరావు.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడినప్పుడు తుపాకులతో పాటు తూటాలు కూడా ఎందుకు పట్టుకెళ్ళారో వేరే చెప్పక్కర్లేదు. తూటా లేని తుపాకీ రోకలికన్నా హీనం.

ఇప్పుడు గాంధీ గారి దగ్గరికొద్దాం. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో రెండు చట్టాలొచ్చాయి. ఒకటి దేశభాషల పత్రికల నోరు నొక్కేది, రెండోది ఆయుధాల చట్టం. మొదటిది రిప్పన్ వచ్చాక నాలుగేళ్ళలో పోయింది. రెండోది 1959 దాకా ఉంది. లైసెన్సు లేకుండా భారతీయుడు ఆయుధం పట్టకూడదు, యూరోపియన్లకి మాత్రం మినహాయింపు. ఒక జాతినంతా నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని బ్రిటిష్ పాలన చేసిన పాపాలన్నిట్లోకీ నల్లటిదిగా చరిత్ర లెక్కగడుతుందని గాంధీ రాసిన మాట నిజమే. అమెరికాలో తుపాకీ హక్కులవాళ్ళు దాన్ని పోస్టరు వేసి తగిలిస్తారు. ఎక్కడ రాశారో మాత్రం చెప్పరు. 1918లో ఖేడా జిల్లాలో బ్రిటిష్ సైన్యంలో చేరమని ఊరూరా తిరుగుతూ పంచిన కరపత్రంలో! ఈ చట్టం పోవాలంటే ముందు సైన్యంలో చేరి ఆయుధం పట్టడం నేర్చుకోండి, మనమీద నమ్మకం కలుగుతుంది అన్నది ఆయన వాదం. జనం పెద్దగా వినలేదు. మరుసటేడే జలియన్‌వాలా బాగ్. పెద్దాయనకి ఈ సంగతి చెబితే "అవునా!" అన్నాడు గానీ ఫొటో తియ్యలేదు :)

మూడో తుపాకీ మనది. 1962లో చైనా యుద్ధంలో దెబ్బ తిన్నాక, అదే లీ-ఎన్‌ఫీల్డుకి గట్టి ఉక్కు వేసి, కొత్త 7.62 తూటాకి సరిపోయేలా ఇషాపూర్లో మార్చారు. మేగజైన్లో పన్నెండు తూటాలు. పాత పదికి ఇంకో రెండు కలిపాం. చెక్కముక్క లేదు, నున్నటి గొట్టమూ లేదు. దాన్ని చేత్తో పట్టుకుంటే ఎందుకో కొంచెం గర్వంగా అనిపించింది, ఒప్పుకుంటున్నా.

ఆ గర్వం ఎక్కువసేపు నిలవలేదు. 1947 తర్వాత కూడా మా తాతయ్య చేతికి వచ్చింది మూడోది కాదు, రెండోదే కదా! 2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్లో ఏకే-47ల ముందు నిలబడ్డ పోలీసుల చేతిలో ఉన్నవి పాత త్రీ నాట్ త్రీలు, లాఠీలు. కసబ్‌ని పట్టుకున్న తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది ఒక్క లాఠీ. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డేకి. ఇంగ్లీషువాడు కానిస్టేబులుకి మంచి తుపాకీ ఇవ్వలేదంటే అపనమ్మకం. మరి మనవాళ్ళు? అపనమ్మకం అనలేను. కానిస్టేబులే కదా, సర్దుకుంటాడులే అనే నిర్లక్ష్యం. ఎదురుగా ఏకే ఉన్నప్పుడు ఆ రెంటికీ తేడా ఏముంటుంది?

"కొంటావా?" అని అడిగాడు పెద్దాయన. నేనింకా హెచ్-1బీ మీదే, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నానని చెప్పా. అయితే ఫారం నింపేటప్పుడు అడ్డం పడుతుంది, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదైనా ఉంటే తప్ప వీసా మీద ఉన్నవాళ్ళకి అమ్మకూడదన్నాడు. నవ్వొచ్చింది. తాతకి చెక్కముక్క, మనవడికి ఫారం!

తిరిగిచ్చేముందు ఆ రెండోదాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాను. రాత్రి నాన్న ఫోన్ చేసి, "ఇదేరా! మీ తాతయ్య ఆదివారం ఆదివారం నూనె గుడ్డతో తుడిచేది ఇలాంటిదే" అన్నాడు. కాసేపాగి, "పాపం, మనమంతా నవ్వేవాళ్ళం" అన్నాడు.