గాజు బటన్లూ, బొమ్మల్లో ఇరుక్కున్న తెలుగూ

2005-2010 మధ్య వెబ్ పేజీలు చేసినవాళ్ళెవరికైనా ఆ గాజు బటన్లు గుర్తుండే ఉంటాయి. పైసగం లేతగా, కింది సగం ముదురుగా, నడిమధ్యలో బ్లేడుతో కోసినట్టు ఒక గీత. అద్దం మీద ట్యూబులైటు వెలుగు పడ్డట్టుండేది. వెబ్ 2.0 అంటే ఏంటో తెలీని క్లయింటు కూడా "బటన్లు కొంచెం మెరవాలండీ" అని మాత్రం మర్చిపోకుండా చెప్పేవాడు. ఆ మెరుపుని అందరూ ఒక ఫ్యాషన్ కథగానే చెప్తారు, వచ్చింది, పోయింది అని. నాకు అందులో తెలుగు అక్షరాల కథ కూడా ఒకటి కనిపిస్తుంది. అది చెప్పాలంటే మా నిజామాబాద్ బోర్డుల దగ్గర మొదలుపెట్టాలి.

మాది బోధన్ వైపు. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పక్కన శక్కర్‌నగర్ అని ఒక పేటే వెలిసింది. నిజాంసాగర్ నీళ్ళు, చెరుకు, ఫ్యాక్టరీ, వీటి చుట్టూ తిరిగిన ఊళ్ళు మావి. చెరుకు లారీలు, ట్రాక్టరు ట్రాలీలు, వాటి మీద పేర్లు రాసే పెయింటర్లు. నిజామాబాద్ గాంధీచౌక్ వైపు పోతే ఒకే బోర్డు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉండేవి. ఆ పెయింటర్లు ఎనామిల్ రంగులు వాడేవాళ్ళు. ఎనామిల్ నిదానంగా ఆరుతుంది కాబట్టి, పైన పసుపు, కింద ఎరుపు వేసి, రెండూ తడిగా ఉండగానే మధ్యలో కుంచెతో అటూ ఇటూ దువ్వితే ఒకదాన్లోకి ఒకటి కలిసిపోయేవి. గ్రేడియంట్ అంటే అంతే. ఆరిన తర్వాత అక్షరం భుజం మీద సన్నటి తెల్ల గీత. దాన్ని 'షైనింగు' అనేవాళ్ళు. 'స్త్రీ' లాంటి అక్షరం వస్తే కింద ఉన్న వత్తులకి విడిగా షైనింగు పెట్టేవాళ్ళు. వత్తు అంటే వాళ్ళ దృష్టిలో ఇంకో అక్షరం మరి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక కంప్యూటర్ల సంగతి. 2000 జనవరిలో యాపిల్ వాళ్ళు 'ఆక్వా' అనే రూపాన్ని చూపించారు. నీలం రంగు జెల్లీ బటన్లు. చూస్తే నాకాలనిపించేలా చేశామన్నాడు స్టీవ్ జాబ్స్. (శక్కెర ఊరివాళ్ళం, మాకు ఆ మాట వెంటనే అర్థమైపోతుంది.) అక్కణ్ణించి ప్రపంచమంతా అదే మోజు. చిక్కల్లా ఏంటంటే, పేజీకి రంగులద్దే సీఎస్ఎస్‌లో అప్పటికి గ్రేడియంట్ అనేదే లేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో 2000 నుంచే 'ఫిల్టర్' అని ఒకటుండేది గానీ, దానికి మొదటి రంగు, చివరి రంగు తప్ప ఇంకోటి తెలీదు. నడిమధ్య గీత పెట్టాలంటే కుదరదు. కాబట్టి అంతా ఫోటోషాప్ మీదే. ఒక పిక్సెల్ వెడల్పు, ముప్ఫై పిక్సెళ్ళ ఎత్తు ఉండే రంగు పట్టీ కోసి, దాన్ని అడ్డంగా పరిచేవాళ్ళం. బటన్ మూలలు గుండ్రంగా కావాలంటే రెండు చివర్లకీ రెండు బొమ్మలు. 2003లో డగ్లస్ బౌమన్ రాసిన 'స్లైడింగ్ డోర్స్' కిటుకు అదే. నా మొదటి ఉద్యోగంలో ఏడాది పాటు బొమ్మలు కోయడమే పని. చెరుకు కొట్టినట్టు కొట్టాను.

ఇంగ్లీషు వాళ్ళకి దీనివల్ల పెద్ద నష్టమేం లేదు. బటన్ బొమ్మ మీద మామూలు అక్షరాలు కూర్చోబెడితే సరిపోయేది. మన పరిస్థితి వేరు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారి గారి పోతన, వేమన ఖతులు ఉండేవి, అవి చదివేవాడి సిస్టమ్‌లో ఉంటేనే కనిపించేవి. విండోస్ 98 మీద యూనికోడ్ తెలుగు చూడ్డమే ఒక తిప్పలు. పేపర్ల సైట్లకి ఎవరి ఫాంటు వాళ్ళది, ఎవరి ఎన్‌కోడింగ్ వాళ్ళది. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికే వెన్న నాగార్జున గారు 'పద్మ' చేయాల్సి వచ్చింది. ఇక అందమైన తెలుగు శీర్షిక కావాలంటే ఒకటే దారి. డీటీపీ సెంటర్లో అను ఫాంటులో కొట్టించి, కోరెల్‌డ్రాలో 'ఫౌంటెన్ ఫిల్' వేసి, జేపెగ్‌గా దాచి, పేజీలో అతికించడం. మెరుపు వచ్చింది, మాట పోయింది. బొమ్మలో 'చక్కెర' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసున్నా గూగుల్‌కి అది రంగుల ముద్దే. కళ్ళులేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కైతే అక్కడేమీ లేనట్టే.

2008 ఏప్రిల్‌లో సఫారీ వెనకుండే వెబ్‌కిట్ వాళ్ళు సీఎస్ఎస్‌లోనే గ్రేడియంట్ రాసే పద్ధతి తెచ్చారు. గాజు మెరుపు రహస్యం ఒక్క వాక్యంలో తేలిపోయింది: 50 శాతం దగ్గర ఒకే చోట రెండు రంగులు పెట్టండి. పైనుంచి తెలుపు నుంచి లేత నీలానికి జారుతుంది, సరిగ్గా సగంలో ఉన్నట్టుండి ముదురు నీలం, అక్కణ్ణించి కిందికి మళ్ళీ లేతగా. మెత్తగా కలిసిపోవాల్సిన చోట కలవనీయకపోవడమే గాజు. బొమ్మ అక్కర్లేదు, కోత అక్కర్లేదు.

సుఖంగా ఉన్నామా అంటే లేదు. 2010 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 3.6 ఇంకో వ్యాకరణంతో వచ్చింది. ఆ పాత రూపంలో 'టాప్' అంటే పైనుంచి మొదలు. ఖరారైన రూపంలో 'టు బాటమ్' అని ఎక్కడికి పోతుందో చెప్పాలి. కోణాలు కూడా అటుదిటు అయ్యాయి. ఒక్క బటన్‌కి ఐదారు లైన్లు రాసేవాళ్ళం, అన్నీ ఒకే మాట. 2012 ఏప్రిల్‌లో ప్రమాణం ఒక కొలిక్కి వచ్చింది, 2013 మార్చికల్లా క్రోమ్ కూడా దారికొచ్చింది. ఈలోపు 2012 అక్టోబర్లో విండోస్ 8, 2013 సెప్టెంబర్లో ఐఓఎస్ 7 మెరుపుల్ని ఊడ్చేశాయి. పెళ్ళంతా అయ్యాక మేళం వచ్చినట్టు!

కానీ తెలుగుకి అదే సరైన సమయం అంటాను. అదే వెబ్‌కిట్ వాళ్ళు 2008లోనే, బ్యాక్‌గ్రౌండ్‌ని అక్షరాల ఆకారంలోకి కత్తిరించే పద్ధతి కూడా మొదలుపెట్టారు. ఆ తర్వాత సిలికానాంధ్ర ఖతులు గూగుల్ ఫాంట్స్‌లోకి చేరాయి. ఈ రెండూ కలిస్తే గాంధీచౌక్ బోర్డు మీది పసుపు-ఎరుపు అక్షరం నిజమైన యూనికోడ్ తెలుగుగా పేజీలో నిలబడుతుంది. కాపీ చేసుకోవచ్చు, వెతికితే దొరుకుతుంది, చదివి వినిపిస్తుంది. దీన్ని మన సైట్లు పెద్దగా వాడుకోలేదనే నా బాధ.

వాడేవాళ్ళకి రెండు మాటలు. సీఎస్ఎస్‌కి వత్తు ఇంకో అక్షరమని తెలీదు, మొత్తం పెట్టెకి ఒకే వెలుగు పూస్తుంది. కాబట్టి ఇంగ్లీషు పెద్దక్షరాలకి పెట్టినట్టు గీతని 50 శాతం దగ్గర పెడితే తెలుగులో అది అక్షరం నడుముకి సరిపోదు. పైన తలకట్టు, గుడి, కింద వత్తులు, వీటన్నిటికీ పెట్టెలో చోటుంటుంది కదా. నేను వాడే ఫాంటుని బట్టి జరుపుతుంటాను. రెండోది, లైన్ ఎత్తు తక్కువైతే 'స్త్రీ' కింద వత్తులు పెట్టె దాటి, రంగు అందక తెగిపోతాయి. కింద కాస్త ప్యాడింగ్ పెట్టండి.

పెయింటర్ల పని ఫ్లెక్సీలొచ్చి తినేశాయి. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్లో మూతపడింది. ఫ్లెక్సీల మీద తెలుగు మాత్రం ఇంకా చాలామటుకు అను ఫాంట్లలోనే, బంగారు రంగు ఫౌంటెన్ ఫిల్‌తోనే తయారవుతోంది. పుట్టినరోజు శుభాకాంక్షలైనా చెరుకు రైతుల మీటింగు కబురైనా అదే మెరిసే జేపెగ్ వాట్సాప్‌లో తిరుగుతుంది. మర్నాడు దాన్ని మాటతో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. 2025లో యాపిల్ వాళ్ళు 'లిక్విడ్ గ్లాస్' అంటూ గాజుని మళ్ళీ తెచ్చారు. క్లయింట్లు మళ్ళీ మెరవాలంటున్నారు. అడిగినవాళ్ళు తెలుగువాళ్ళైతే నేను ముందు శీర్షికని సెలెక్ట్ చేసి చూపిస్తాను. నీలం పట్టీ అక్షరాల మీద పరుచుకుంటే అది మాటే.